నడిపి మిషన్

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి వేసవిలో మేము మా బత్తాయి తోట కొట్టేశాం. కొట్టాలన్న మాట చాలాకాలం ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. బోరు మాఘమాసంలోనే నీళ్లకు బదులు గాలి పోసింది. ఇంకా లోతుకు దింపించాం. పక్కన ఇంకొకటి వేయించాం. తెల్లటి రాతిపొడి లేచి మా బట్టల మీద పడింది తప్ప తడి తగల్లేదు. ఆ తర్వాత ట్యాంకరు నీళ్లు తెచ్చి పాదుల్లో పోశాం. అవి నేల పైపొరలోనే ఇంకిపోయేవి. చివరికి ఒక పొద్దున నా భార్య కాశమ్మ ఖాళీ బిందెను పాదు గట్టు మీద బోర్లించి, "ఇంక పోయొద్దులేయ్యా. గొడ్లకన్నా మిగుల్తాయి నీళ్లు" అంది.

నేను బిందె అందుకొని ఇంటిదారి పట్టాను. ఆమె అనాలనే కాచుకొని ఉన్నానేమో.

మాది కొమరోలుకు అవతలి ఊరు. అప్పటికే చుట్టూ సగం తోటలు ఎండిపోయాయి. బయటినుంచి మనుషులు రంపం మిషన్లతో వచ్చి తోటంతా కోసి, కట్టెలు వాళ్లే లారీకెత్తుకొని పోతున్నారు. రైతుకు మిగిలేవి నేలలోని మొద్దులు. ఊళ్లో గొడ్డలి పట్టేవాళ్లు ఎప్పుడో బెంగళూరుకు, గుంటూరు మిరపకోతలకు పోయారు.

కాశమ్మ తమ్ముడు ఓబులేసు మా ఇంట్లోనే ఉండేవాడు. భార్య పోయిన తర్వాత అతనికి వేరే పొయ్యి లేదు. సొంత పొలం కూడా లేదు. మా సేద్యమే అతని సేద్యం. నోరు మాత్రం ఊరుకోదు. చావింట్లో కూడా ఎవరో ఒకరిని నవ్వించి తిట్లు తినివచ్చేవాడు.

మా ఊరివాడే వరప్రసాదం హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆ నెలలో రెండుమూడు సార్లు ఫోన్ చేశాడు. పక్క అపార్ట్‌మెంటుకు ఒక మనిషి కావాలట. బడులు తెరిచేలోగా రావాలట. "నువ్వన్నా రా చెంచయ్య మామా, ఓబులేసన్నా రానీ. ఎవరో ఒకరు. ఒక్కరికే చోటుండేది" అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఓబులేసు కంచంలో చెయ్యి కడగకుండానే మొదలుపెట్టాడు.

"బావా, బయటోళ్లకు ఇచ్చేదేందీ? మనమే ఒక మిషన్ కొందాము. మన తోట మనమే కోసుకుందాము. ఆమీద ఊరోళ్లయి కోద్దాము. ఇద్దరికీ పని. ఒకరి గేటు కాడ కూచోని సలాము కొట్టే పని లేదు."

"చెట్లు పెంచినోళ్లమే కోసేటోళ్లమవుదామా?" అన్నాను.

"మనం కొయ్యకపోతే అవి మళ్లా చిగురేస్తాయా ఏంది?"

కాశమ్మ మజ్జిగ పోస్తూ, "ఇద్దరూ ఈడనే ఉంటామంటే కొనండి" అంది. "ఒకరి కోసం కొనేటట్టయితే వద్దు."

ఆమెకు తమ్ముడు ఊరు దాటకూడదు. నాకు నడుం నొప్పి, పైగా యాభై దాటాక కొత్త ఊళ్లో గేటు తీసి మూయడమంటే మనసొప్పలేదు. మిషన్ ఇద్దరికీ కూడు పెడితే ఎవరూ పోనక్కర్లేదు. ఆ వేసవిలో మేము పెట్టుకున్న ఆశ అంతవరకే.

*

బోరులోంచి తీయించిన మోటారును మిషన్‌కు మార్పిడిగా ఇద్దామని ఆటోలో వేసుకొని ముగ్గురం గిద్దలూరు పోయాం. ప్రకాశరావు దుకాణంలోనే దాన్ని కొన్నది. అతను దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"మీదీ అయిపోయిందా అన్నా?"

"అయిపోయింది."

అతను మోటారును లోపల గోడవారగా పెట్టించాడు. అక్కడ అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఒకప్పుడు డ్రిప్పు పైపుల చుట్టలు వేలాడిన కొక్కేలకు ఇప్పుడు పెట్రోలు రంపాలు వేలాడుతున్నాయి. అమ్మే మనిషి అతనే, కొనే మనుషులమూ మేమే. అతని ముఖంలో కూడా మా ముఖాల్లో ఉన్న అలసటే కనిపించింది.

"ఏమేం కొయ్యాల?" అని అడిగాడు.

"అన్నీ" అన్నాడు ఓబులేసు. "బత్తాయి, వేప, చిల్లకంప, చింత. అడ్డమొస్తే మా పెదనాయన్ని గూడా."

"ఒక్క మిషన్‌తోనే?"

"రెండు కొనేటోళ్లమైతే ఇంకో బోరే ఏద్దుము గదన్నా."

ప్రకాశరావు మూడు మిషన్లు దించి బల్లమీద పెట్టాడు. చిన్నది కొమ్మలకు బాగుంటుందట. దినమంతా మొద్దులు కోస్తే వేడెక్కి ఆగిపోతుందట. పెద్దదాని పట్టీ, చైను తిరిగే ఇనుప రేకు, నా చేయంత పొడుగుంది. చింతమానునైనా ఒక పక్కనుంచే కోసేస్తుందన్నాడు. "కానీ బరువు. దీనికి ఇద్దరుండాల. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోవాల." మధ్యదాని మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఆలోచించాడు. "ఇదుండాదే, ఇది ఏ పనీ గొప్పగా చెయ్యదు. ఏ పనికీ రానని గూడా అనదు. మాను లావుంటే రెండుపక్కల నుంచీ కొయ్యాల, అంతే."

"పెద్దదే ఇయ్యన్నా" అన్నాడు ఓబులేసు. "ఇద్దరముండాము గదా, మార్చుకుంటా కోస్తాము."

కాశమ్మ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడింది. దుకాణం కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు. ఇప్పుడు లోపలికి వచ్చింది.

"ఇద్దరూ పట్టుకోని నిలబడండి. అన్న టీ తెప్పించినాడు గదా. నేను టీ తాగేదాకా దించకూడదు."

ముందు నేను పెద్దదాన్ని ఎత్తాను. చేతులు ఓర్చుకున్నాయి కానీ నడుంలోంచి సన్నటి మంట కాళ్లలోకి దిగింది. ఆమె రెండు గుక్కలు తాగకముందే బల్లమీద పెట్టేశాను. తర్వాత ఓబులేసు అందుకున్నాడు. నిలబడ్డాడు. మోచేతులు వణకడం మొదలుపెట్టాయి. చెమట గడ్డం మీదికి వచ్చింది.

"అక్కా, నువ్వు టీ తాగుతుండావా, టీ తోట పెంచుతుండావా?"

దుకాణంలో పనివాళ్లు కూడా నవ్వారు. కాశమ్మ నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి, మధ్య మిషన్‌ను తానే రెండుచేతులా ఎత్తి, ఒకసారి పక్కకు తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి చూసుకుంది. పసిబిడ్డ బరువు చూసినట్టు.

"నడిపిది ఇయ్యన్నా" అంది ప్రకాశరావుతో.

"అక్కా, పెద్దదయితే—"

"పెద్దదయితే నీకు బాగుంటుంది. మీ బావ నడుం ఈసారి పడిందంటే లేపేదెవరు? నువ్వు లేని పూట ఆయన ఒక్కడు మొయ్యాలా వద్దా?"

ఓబులేసు నా వైపు చూశాడు. పెద్ద మిషన్ వైపు చూశాడు. "సరే, నడిపిదే" అని పెద్దదాన్ని తానే తీసి కొక్కేనికి తగిలించాడు. తగిలించాక కూడా దాని పిడి మీదినుంచి చెయ్యి వెంటనే తీయలేదు. అడిగిన బొమ్మ కొనివ్వని పిల్లవాడిలా ఉన్నాడనుకున్నాను నేను.

*

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కాయ కాచిన చెట్టును చెప్పకుండా కొట్టకూడదు. మా నాయన ముందురోజు సాయంత్రం చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, గొడ్డలిని మొదలుకు ఆనించి, "రేపు కొడతాము తల్లీ. నీ మీదుండే ప్రాణాల్ని లేచిపొమ్మను. వద్దంటే మాకు తెలిసేటట్టు చెయ్యి" అని చేతులు జోడించి వచ్చేవాడు. తెల్లవారి గొడ్డలి నిలబడే ఉంటే చెట్టు ఒప్పుకున్నట్టు. పడిపోయి ఉంటే దాని జోలికి పోకూడదు.

గొడ్డలితో కొట్టే రోజుల్లో ఒక చెట్టు పడటానికి ఒక పూట పట్టేది. ఒక్కొక్కదాన్నీ అడగడానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు ఒక పూటలో ఒక వరుస పడుతుంది. అన్నిటినీ ఎట్లా అడగడం? ఇంటి దేవుడి పటం ముందు కూర్చొని చాలాసేపు ఆలోచించాను. చివరికి అన్నిటి తరఫునా ఒకదాన్ని అడుగుదామని, కాశమ్మ చెప్పిన ఈశాన్యం మూల చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మిషన్‌ను పట్టీ పైకి ఉండేట్టు మొదలుకు ఆనించాను.

"బావా, దానికి పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలు అభిషేకం గూడా చేస్తే పోలా" అన్నాడు ఓబులేసు.

"నోరుముయ్యిరా" అంది కాశమ్మ.

తెల్లవారి పోయి చూస్తే మిషన్ పాదులో బోర్లా పడి ఉంది. చైనుకు వేసే నూనె కారి మట్టి నల్లగా అయింది.

ముగ్గురం నిలబడి చూశాం.

"దానికి కాళ్లా పాడా బావా? పడక ఏం చేస్తది?" అన్నాడు ఓబులేసు. కానీ అతని గొంతులోనూ ఎప్పటి హుషారు లేదు.

అప్పుడు నాకొకటి గుర్తుకొచ్చింది. మా నాయన కాలంలో గొడ్డలి ఒక్కసారి కూడా పడిపోలేదు. ఎందుకు పడలేదంటే ఆయన దాన్ని ఊరికే ఆనించేవాడు కాదు. నెమ్మదిగా, బెరడులో వాదర దిగేట్టు ఒక్క పోటు పొడిచి వదిలేవాడు. నేను చిన్నప్పటినుంచీ చూశాను. చూసి కూడా ఇన్నేళ్లూ ఆలోచించలేదు. అడిగేవాళ్లం, చెట్టు మాత్రం కాదనడానికి వీల్లేకుండా అడిగేవాళ్లం. మిషన్‌కు పొడిచే వాదర లేదు కాబట్టి, మా వంశంలో మొదటిసారి ఒక చెట్టును నిజంగా అడిగినట్టయింది. అది వద్దంది.

ఆ మాట పైకి అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

కాశమ్మ చీరకొంగుతో మిషన్ తుడిచింది. నూనె అంటిన కొంగును చూసుకుంది. ఎండిన వరుసల వైపు చాలాసేపు చూసింది. పన్నెండేళ్ల కిందట ఆ మొక్కలు సంచుల్లో వచ్చినప్పుడు వాటిని నీడలో దించుకున్నది ఆమే.

"మనము అడిగింది దీన్ని ఒక్కదాన్నే గదా" అంది. "ఇది వద్దంది. దీన్ని వదిలెయ్యండి. తక్కినవాటిని అడగలేదు గదా. అవి వద్దనలేదు."

దేవుడి ముందు ఆ లెక్క నిలుస్తుందో లేదో నాకు ఈరోజుకూ తెలియదు. ఆమె మిషన్ నా చేతికిచ్చింది. నేను తాడు లాగాను.

*

ఎండిన బత్తాయిని కోస్తే లోపల ఇంకా పండు వాసన ఉంటుంది. అది నాకు ముందు తెలియదు. మొదటి వరుస పడేసరికి తోటంతా కాయల కాలంలో వచ్చే వాసన వచ్చింది. కాశమ్మ ముక్కుకు తువ్వాల కట్టుకొని కొమ్మలు లాగింది. రంపం మోతలో మాట్లాడినా వినపడదు. అది ఒకందుకు మంచిదే.

గిద్దలూరులో కట్టెల అడితి నడిపే నిత్యానందం లారీ పంపించాడు. ఆ లారీతో పాటు ఎత్తే మనుషులు కూడా వచ్చారు. మేము కోసినంత వేగంగా వాళ్లు ఎత్తారు. మా తోట పని మేం అనుకున్నదానికంటే ముందే అయిపోయింది. ఈశాన్యం మూల చెట్టు ఒక్కటే మిగిలి, అదీ నెలాఖరుకు ఆకు రాల్చింది. నూనె వల్లనో, ఎండ వల్లనో.

మా తోట అయిపోకముందే ఊళ్లోంచి, పక్క ఊళ్ల నుంచి పిలుపులు వచ్చాయి. ప్రకాశరావు చెప్పింది నిజమే. నడిపి మిషన్ గొప్పగా ఏదీ చెయ్యలేదు, ఏదీ కాదనలేదు. బత్తాయి మొదలు వెన్నలా కోసింది. చిల్లకంపకు చైను మొద్దుబారేది. ఆకురాయి పట్టుకొని కూర్చొని పళ్లు పదునుపెట్టుకుంటే మళ్లీ నడిచేది. వేపమానుకు రెండుపక్కలా గాటు పెట్టేవాణ్ని. నా నడుం ఓర్చుకుంది. సాయంత్రానికి చేతులు మాత్రం మిషన్ ఆపాక కూడా వణుకుతూ ఉండేవి. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి మెతుకులు రాలిపోయేవి.

పిలిచినవాళ్లందరూ ఒక్కటే మాట అనేవారు. "మిషన్, మిషన్ పట్టే మనిషి వస్తే చాలు. కొమ్మలు లాగేది మా ఇంటోళ్లే చూసుకుంటారు." నిజమే. వాళ్లకు మాత్రం వేరే పని ఏముంది? తోట ఎండిపోయి ఇంటిల్లిపాదీ ఊరికే కూర్చొని ఉన్నారు. తమ చెట్టు కొమ్మలు లాగడానికి ఇంకొకరికి కూలి ఎవరిస్తారు?

ఓబులేసు మొదట్లో నాతో వచ్చాడు. పెట్రోలు డబ్బా, నూనె డబ్బా మోసేవాడు. అవి మోయడానికి మనిషి అవసరం లేదు. సైకిలుకు తగిలిస్తే చాలు. "రా, కొంచెంసేపు నువ్వు కొయ్యి" అని నేను మిషన్ ఇస్తే, కొంచెం కోసి, "నీకు అలుపే లేదు గదా బావా, నాకెందుకు ఇస్తుండావు" అని తిరిగి ఇచ్చేవాడు. అవతలివాళ్లు ఇద్దరికీ అన్నం పెట్టేటప్పుడు రెండో కంచం దగ్గర అర క్షణం తటపటాయించేవారు. అది నేను చూశాను. అతనూ చూశాడు. ఆ తర్వాత ఏదో ఒక వంక చెప్పి ఆగిపోవడం మొదలుపెట్టాడు. "కాలు బెణికింది." "రేషన్ కార్డు పని ఉండాది." "ఈరోజు శనివారం, నేను గూడా నీలాగా ఒక్కపొద్దు బావా."

"నువ్వు ఒక్కపొద్దు ఉండేదేందిరా, రెండుసార్లు తిన్నావు గదా పొద్దున్నుంచీ" అంది కాశమ్మ.

"మూడోది తిననని మొక్కుకున్నా లేక్కా."

ఒక సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అతను అరుగు మీద ఫోన్ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించలేదు. "ఆ, ఆ వరప్రసాదమా, నేనే వస్తా. మా బావకు ఈడ తీరికేడుంది?" అన్నాడు. ఫోన్ పెట్టేసి, కాళ్లు కడుక్కోవడానికి నాకు చెంబుతో నీళ్లు అందించాడు.

కాశమ్మ పొయ్యి దగ్గర ఉంది. విన్నదని నాకు తెలుసు. గరిటె చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

*

గిద్దలూరు బస్టాండులో హైదరాబాదు బస్సు ఆలస్యమైంది. ఎండ బాగా ఉంది. ఓబులేసు కొత్త చొక్కా వేసుకున్నాడు. కాశమ్మ జొన్నరొట్టెలు, పచ్చడి కట్టి ఇచ్చింది. సంచిలో అవి పైన ఉండాలా కింద ఉండాలా అని అక్కాతమ్ముళ్లు పోట్లాడుకున్నారు.

"కిందుంటే నలిగిపోతాయిరా."

"నలిగినా రొట్టె రొట్టేగాని గోధుమపిండి అవుతాదా?"

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటున్నారు. అతను ఒక కాలు మెట్టు మీద పెట్టాక కాశమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఆ పెద్దదే కొనుంటే..." అంది.

ఓబులేసు వెనక్కి తిరిగాడు. మొదటిసారిగా అతని ముఖాన్ని నవ్వు లేకుండా చూశాను.

"పెద్దదయితే నీ మొగుడు ఈపొద్దు మంచంలో ఉండేటోడు. ఊరుకోక్కా. నువ్వు కొన్నదే బాగుండాది."

నేను అప్పుడు అర్థం చేసుకున్నాను. ఆ దుకాణంలో అతను అడిగింది బొమ్మ కాదు. ఇద్దరు లేకపోతే నడవని మిషన్ అడిగాడు. మాకు ఆ సంగతి తట్టలేదు. అతనికి అప్పుడే తట్టింది. తట్టి కూడా, పెద్దదాన్ని తన చేత్తోనే తీసి కొక్కేనికి తగిలించాడు.

కండక్టరు విజిల్ వేశాడు. ఓబులేసు కిటికీలోంచి తల బయట పెట్టి, "బావా, చైను వదులైతాంది, చూసుకో" అని అరిచాడు. కాశమ్మ బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత సంచి మరిచిపోయిన మనిషిలా తన ఖాళీ చేతులు చూసుకుంది.

*

మృగశిర కార్తె వచ్చినా చినుకు పడలేదు. పిలుపులు ఆగలేదు. ఆ వారంలో యర్రగొండపాలెం రోడ్డు వైపు ఒక పల్లె నుంచి పాపమ్మ అనే ముసలామె కబురు చేసింది. అంతకుముందు ఒకసారి ఆమె వేపచెట్టు కొమ్మలు కోసి వచ్చాం, నేనూ ఓబులేసూ. ఇప్పుడు తోట మొత్తం తీసేయాలంది. ఆమె కోడలు, మనవరాలు కొమ్మలు లాగడానికి కొడవళ్లు పట్టుకొని సిద్ధంగా ఉన్నారు.

తోట గట్టు మీద మిషన్ దించి పెట్రోలు పోస్తుంటే పాపమ్మ కర్ర ఊతగా వచ్చి నా వెనక్కి చూసింది.

"ఇంకొకాయన ఉండెగదా నాయనా. ఆ నవ్వించేటాయన. ఏడీ?"

"పనికి పోయినాడు పెద్దమ్మా. హైదరాబాదుకు."

"అయ్యో. మంచి మనిషి. పోయినసారి నా పళ్లు లేని నోరు చూసి, చైను మార్చుకో అవ్వా అన్నాడు." ఆమె తలుచుకొని నవ్వింది. కొంచెంసేపటికి నవ్వు ఆపి మిషన్ వైపు చూసింది. "పోనీలే. దీనికి ఒక్క మనిషి చాలు గదా."

"చాలు పెద్దమ్మా" అన్నాను.

మొదటి చెట్టు దగ్గరికి పోయి, పాదు గట్టు మీద నీళ్లు చిలకరించి, చేతులు జోడించాను. తర్వాత వంగి తాడు లాగాను.